చందనం పొర చెదరకుండా: మాస్క్ చేసిన క్రిప్టో సర్క్యూట్‌ని ఫార్మల్‌గా వెరిఫై చేయడం ఎలా?

విశాఖలో ఎవరికైనా మాస్కింగ్ గురించి చెప్పాల్సి వస్తే నేను సింహాచలం కొండ వైపు చూపిస్తాను. అప్పన్న ఏడాది పొడుగునా చందనంలోనే ఉంటాడు, నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే. మాస్క్ చేసిన క్రిప్టో సర్క్యూట్‌కి ఆ ఒక్కరోజు వెసులుబాటు కూడా లేదు. కీలోని అసలు బిట్ ఏ వైరు మీదా, ఏ క్లాక్ సైకిల్లోనూ కనబడకూడదు. గేట్లు కుదురుకునేలోపు వచ్చే క్షణకాలపు తడబాటులో కూడా కనబడకూడదు. మధురవాడలో మేం నలుగురం పనిచేసే గదిలో లీక్ దొరికితే "నిజరూపం కనబడింది" అంటాం. భక్తులెవరూ నొచ్చుకోకండి, మాలో ఇద్దరు ఏటా ఆ క్యూలో నిలబడేవాళ్లే.

వెరిలాగ్ రాయడం వచ్చి, ఏఈఎస్‌నో ఆస్కాన్‌నో (రెండూ ఎన్‌క్రిప్షన్ పద్ధతులే) చిప్ మీదో ఎఫ్‌పీజీఏ మీదో పెట్టిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ సర్క్యూట్ సరైన జవాబు ఇస్తోందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, అది మీరు ఇప్పటికే చూసుకుని ఉంటారు. జవాబు లెక్కకట్టేటప్పుడు రహస్యం బయటికి పొక్కుతోందా అన్నదే ప్రశ్న, దాన్ని ఫార్మల్‌గా, అంటే గణిత రుజువుతో తేల్చాలి. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూసే ఉంటారు. నీళ్లలో మునిగితే కంటికి కనబడదు, కానీ లోపలి చప్పుడు సోనార్‌కి దొరికిపోతుంది. చిప్ సంగతీ అంతే. గేటు 0 నుంచి 1కి మారితే కరెంటు లాగుతుంది, ఆ లాగుడు కీ మీద ఆధారపడుతుంది. పాల్ కోచర్ 1996లో టైమింగ్‌తో కీ ఎలా లాగవచ్చో చూపించాడు. 1999లో జాఫ్, జున్‌లతో కలిసి పవర్ కొలతల నుంచి లాగి చూపించాడు. కొలతలు ఎక్కువైన కొద్దీ నాయిస్ సగటులో కొట్టుకుపోయి కీ పైకి తేలుతుంది.

దీనికి ఎక్కువమంది చేసే విరుగుడు మాస్కింగ్. ఎ అనే రహస్య బిట్‌ని ఎ0, ఎ1 అనే రెండు ముక్కలు చేస్తారు. రెండిటినీ ఎక్సార్ చేస్తే ఎ వస్తుంది, విడిగా చూస్తే ఏ ముక్కైనా ఉత్త రాండమ్. ఈ ముక్కల్నే షేర్లు అంటాం.

1. ముందు కాగితం మీద మూడు గడులు

టూల్ డౌన్‌లోడ్ చేయకండి, తర్వాత చేద్దురుగాని. మీ మాడ్యూల్‌కి వచ్చే ప్రతి ఇన్‌పుట్ బిట్‌నీ రహస్యం, రాండమ్, బహిరంగం అనే మూడు గడుల్లో ఒకదాంట్లో వేయండి. రహస్యం అయితే ఏ రహస్యంలో ఎన్నో షేరో కూడా రాయండి. క్లాక్, రీసెట్, స్టార్ట్ లాంటివి బహిరంగం. ప్లెయిన్‌టెక్స్ట్ (ఎన్‌క్రిప్ట్ చేయబోయే అసలు సందేశం) మాటేమిటి? దాడి చేసేవాడికి అది తెలిసే ఉంటుంది, కానీ కీతో ఎక్సార్ అయిన మరుక్షణం ఆ ఫలితం రహస్యమే.

చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ, నేను చూసిన తప్పుడు "పాస్"లలో సగానికి కారణం ఈ కాగితమే. రహస్యాన్ని పొరపాటున రాండమ్ గడిలో వేస్తే టూల్ మారు మాట్లాడకుండా పాస్ చేస్తుంది. ఏది దాచాలో మీరు చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?

2. టైమింగ్ సంగతి ముందే తేల్చేయండి

ఇది సులువు, అరపూట పని. మీ డిజైన్‌ని రెండు కాపీలుగా పక్కపక్కన పెట్టండి. బహిరంగ ఇన్‌పుట్లు రెండిటికీ ఒకటే, రహస్యాలు మాత్రం దేనికదే. "డన్" సిగ్నల్ రెండు కాపీల్లోనూ ప్రతి సైకిల్లో ఒకేలా ఉండాలని ఒక అసర్షన్ రాసి, సింబియోసిస్ (SymbiYosys) అనే ఫార్మల్ టూల్‌కి ఇవ్వండి. ఉచితంగా దొరుకుతుంది. రెండు వేరువేరు కీలకి డన్ వేరువేరు సైకిళ్లలో వచ్చే దారి ఉంటే ఆ వేవ్‌ఫామ్ మీ ముందు పెడుతుంది. లేకపోతే, ఇండక్షన్‌తో ప్రూఫ్ నడిపితే, ఎన్ని సైకిళ్లకైనా వర్తించే రుజువు వస్తుంది. బౌండెడ్ మోడ్‌లో 50 సైకిళ్లకి పాస్ అయితే అది 50 సైకిళ్లకే, 51వ సైకిల్ గురించి ఏమీ చెప్పదు.

3. దాడి చేసేవాడికి ఎంత బలం ఇస్తున్నారు?

ఫార్మల్ అనే మాటకి ఇక్కడ అర్థం వచ్చేది మోడల్ నుంచే. ఇషాయ్, సహాయ్, వాగ్నర్ 2003లో ఒక మోడల్ ఇచ్చారు: దాడి చేసేవాడు సర్క్యూట్‌లో తనకి నచ్చిన డి వైర్ల మీద (డి అంటే ఒక సంఖ్య) సూది పెట్టి, వాటి విలువలు చూడొచ్చు. అలా చూసినా రహస్యం గురించి ఏమీ తెలియకపోతే ఆ సర్క్యూట్ డి-ఆర్డర్ సురక్షితం. దానికి కనీసం డి ప్లస్ ఒకటి షేర్లు కావాలి. రెండు షేర్లుంటే ఒక సూది.

సాఫ్ట్‌వేర్‌కి ఇది కొంతవరకు సరిపోతుంది, హార్డ్‌వేర్‌కి చాలదు. ఎందుకంటే గ్లిచ్‌లు. గేటుకి వచ్చే ఇన్‌పుట్లు ఒకేసారి రావు, ఒకటి ముందు ఒకటి వెనక వస్తాయి, ఈలోపు అవుట్‌పుట్ ఊగిసలాడుతుంది. కాగితం మీద భద్రంగా ఉన్న మాస్క్ చేసిన ఏఈఎస్ హార్డ్‌వేర్‌ని ఈ ఊగిసలాట ఆధారంగానే 2005లో ఛేదించి చూపించారు. కాబట్టి హార్డ్‌వేర్‌లో ఒక సూది పెడితే ఆ ఒక్క వైరే కాదు, దాని వెనక రిజిస్టర్ల దాకా ఉన్న ఇన్‌పుట్లన్నీ అతనికి కనబడినట్టే లెక్క. దీన్ని గ్లిచ్-ఎక్స్‌టెండెడ్ ప్రోబ్ అంటారు. మీరు ఈ మోడల్‌లోనే వెరిఫై చేయాలి. టూల్‌లో గ్లిచ్‌లు లేని మోడ్ కూడా ఉంటుంది, వేగంగా పాస్ అవుతుంది. ఎఫ్‌పీజీఏ, చిప్ పనుల్లో దాన్ని తొలి వడపోతకే వాడండి, ఆ ఫలితాన్ని రిపోర్టులో పెట్టకండి.

4. ఒక్క యాండ్ గేటుతో మొదలుపెట్టండి

ఎక్సార్ మాస్కింగ్‌లో ఎక్సార్‌తో ఇబ్బంది లేదు, ఏ షేర్‌కి ఆ షేరే చేసుకుంటుంది. పేచీ అంతా యాండ్‌తోనే. 2016లో వచ్చిన డొమైన్-ఓరియెంటెడ్ మాస్కింగ్, పొట్టిగా డామ్, రెండు షేర్ల యాండ్‌ని ఇలా కడుతుంది. చదరపు బ్రాకెట్ అంటే రిజిస్టర్, జెడ్ అంటే ప్రతిసారీ కొత్తగా వచ్చే రాండమ్ బిట్.

సి0 = [ఎ0·బి0] ⊕ [ఎ0·బి1 ⊕ జెడ్]
సి1 = [ఎ1·బి1] ⊕ [ఎ1·బి0 ⊕ జెడ్]

రెండిటినీ ఎక్సార్ చేసి చూడండి: జెడ్‌లు కొట్టుకుపోతాయి, మిగిలిన నాలుగు లబ్ధాలు కలిసి ఎ·బి అవుతాయి.

ఇప్పుడు మీరే దాడి చేసేవారనుకుని సి0 మీద సూది పెట్టండి. వెనక్కి వెళ్తే రెండు రిజిస్టర్లు తగులుతాయి: ఒకదాంట్లో ఎ0·బి0, ఇంకోదాంట్లో జెడ్ కలిసిన ముక్క. జెడ్ తెలియదు కాబట్టి ఆ రెండో ముక్క ఉత్త రాండమే, బి1 గురించి ఏమీ తెలియదు. బాగానే ఉంది. ఇప్పుడు ఆ రిజిస్టర్లు తీసేయండి. అదే సూదికి ఎ0, బి0, బి1, జెడ్ నాలుగూ కనబడతాయి. బి0, బి1 రెండూ చేతికొస్తే బి వచ్చేసినట్టే. అదన్నమాట, నిజరూపం. జెడ్ ఉన్నా అక్కరకు రాలేదు. రాండమ్ ఎంత పోసినా రిజిస్టర్ సరైన చోట లేకపోతే వృథా. మా దగ్గరికి వచ్చే ఎంటెక్ పిల్లలకి ఇది పెన్నుతో చేయిస్తేగానీ కీబోర్డ్ ముట్టనివ్వను.

పెన్నుతో అయ్యాక ఇదే గేటుని టూల్‌కి ఇవ్వండి. నేను మొదట సిల్వర్ వాడమంటాను. 2020లో వచ్చింది, గేట్ నెట్‌లిస్ట్ (గేట్లు, వాటిని కలిపే వైర్ల జాబితా) తీసుకుని, ప్రతి సూదికీ వచ్చే విలువల పంపిణీ రహస్యం మీద ఆధారపడుతుందా లేదా అని బైనరీ డెసిషన్ డయాగ్రమ్‌లతో కచ్చితంగా లెక్క కడుతుంది. అంచనాలు లేవు కాబట్టి అది లీక్ అంటే ఆ మోడల్‌లో అది లీకే. కాకపోతే పెద్ద సర్క్యూట్ ఇస్తే మెమరీ మింగేస్తుంది.

ఒక షరతు. రిజిస్టర్లు ఉన్న వెర్షన్‌తో పాటు లేని వెర్షన్ కూడా ఇవ్వండి. రెండోది ఫెయిల్ కావాలి. అదీ పాస్ అయితే లోపం మీ కాగితంలోనో సెటప్‌లోనో ఉంది. మొదటిది పాస్ అయిందన్న మాటకి అప్పటిదాకా విలువ లేదు.

5. ఐదు బిట్ల ఎస్-బాక్స్: ఇక్కడ కాస్త ఆగండి

తర్వాతి మెట్టుగా చాలామంది ఏఈఎస్ ఎస్-బాక్స్ (ఒక విలువని ఇంకో విలువగా మార్చే పట్టిక) ఎత్తుకుంటారు. వద్దు. ఆస్కాన్ ఎస్-బాక్స్ తీసుకోండి. 2023 ఫిబ్రవరిలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తేలికపాటి క్రిప్టోకి ఎంపిక చేసింది ఆస్కాన్‌నే కాబట్టి రేపు ఉద్యోగంలోనూ పనికొస్తుంది. ఐదు బిట్లు, ఐదు యాండ్‌లు. రెండు షేర్లకి పది ఇన్‌పుట్లు, ఐదు రాండమ్ బిట్లు, మొత్తం పదిహేను. అంటే 32,768 సందర్భాలు, పాత లాప్‌టాప్‌కి కూడా లెక్కలోకి రాదు.

ఈ ఎస్-బాక్స్‌లో నాకు భలే ఇష్టమైన ఉచ్చు ఒకటుంది. యాండ్‌ల కంటే ముందు మూడు ఎక్సార్లు ఉంటాయి: ఎక్స్0లో ఎక్స్4, ఎక్స్4లో ఎక్స్3, ఎక్స్2లో ఎక్స్1 కలుస్తాయి. వీటి తర్వాత నేరుగా డామ్ యాండ్‌లు పెట్టారనుకోండి. ఒక యాండ్‌కి ఒకవైపు ఎక్స్1 తిరగేసిన రూపం, రెండోవైపు ఎక్స్2 ⊕ ఎక్స్1 వస్తాయి. అడ్డంగా కలిసే ముక్కలో మొదటి దాని 0వ షేరు, రెండో దాని 1వ షేరు ఉంటాయి కదా. రెండో దాంట్లో ఎక్స్1 కూడా దాగి ఉంది. సూదికి ఎక్స్1 రెండు షేర్లూ కనబడిపోయాయి. ఇలాగే లెక్క వేస్తే ఎక్స్3, ఎక్స్4లు కూడా బయటపడతాయి. ఐదు యాండ్‌లలో మూడు లీక్. ఒక్కో డామ్ గేటు విడిగా రుజువైనదే, పక్కపక్కన పెట్టేసరికి పోయింది. రెండు వైపులా వచ్చే షేర్లు ఒకదానికొకటి స్వతంత్రంగా ఉండాలన్నది ఆ గేటు పెట్టిన షరతు, దాన్ని మనం తప్పాం.

మందు: ఆ మూడు ఎక్సార్ల తర్వాత, యాండ్‌లకి ముందు, ఒక వరస రిజిస్టర్లు. అప్పుడు సూదికి ఎక్స్2 ⊕ ఎక్స్1 షేరు కలిసిన రూపంలోనే కనబడుతుంది, ఎక్స్2 షేరే దానికి మాస్క్ అవుతుంది. ఖర్చు ఒక సైకిల్. చేసి చూడండి, టూల్ ఫెయిల్ నుంచి పాస్‌కి మారడం కళ్లారా చూస్తే గ్లిచ్ మోడల్ జన్మలో మర్చిపోరు.

రాండమ్ పొదుపు చేయాలని కూడా అనిపిస్తుంది. ఎప్పుడూ తొందరపడకండి. బి అనే ఒకే బిట్‌ని ఎతోనూ, డి అనే ఇంకో బిట్‌తోనూ విడివిడిగా యాండ్ చేసి, రెండిటికీ ఒకే జెడ్ ఇచ్చి, ఫలితాల్ని ఎక్సార్ చేశారనుకోండి. రెండు రిజిస్టర్ల నుంచి జెడ్‌లు కొట్టుకుపోయి (ఎ0 ⊕ డి0)·బి1 మిగులుతుంది. పక్క రిజిస్టర్లలో బి0 ముక్కలూ ఉన్నాయి. ఇక దాచడానికేముంది? కొన్నిచోట్ల ఒకే జెడ్‌ని రెండుసార్లు వాడినా ఏమీ కాదు. ఎక్కడ కాదో టూల్ చెప్పాలి, మన మనసు చెప్పకూడదు.

6. వెరిఫై చేయాల్సింది మీరు రాసిన కోడ్‌ని కాదు

నా సొంత పాపం ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక డెమో కోసం పైన రాసినట్టే డామ్ యాండ్‌లతో కట్టాం. రాసిన కోడ్‌ని సరిచూశాం, పాస్. "ఏటి సార్, ఇంకా చూత్తారు, ఇచ్చీండి" అని మా కుర్రాడు తొందరపెట్టాడు, ఇచ్చేశాం. బోర్డు మీద కొలిస్తే లీక్. రెండు వారాలు ప్రోబ్‌నీ, పవర్ సప్లైనీ, చివరికి ఏసీనీ కూడా అనుమానించాను. అసలు దొంగ సింథసిస్ (కోడ్‌ని గేట్లుగా మార్చే పని) స్క్రిప్ట్. క్లాక్ అందుకోవడం లేదని రీటైమింగ్ ఆన్ చేసింది నేనే.

సి0లో రెండు రిజిస్టర్లున్నాయి కదా. రెండు రిజిస్టర్ల తర్వాత ఎక్సార్ పెట్టే బదులు, ఎక్సార్ ముందు చేసి ఒకే రిజిస్టర్‌లో పెడితే జవాబు అదే, రిజిస్టర్ ఒకటి మిగులుతుంది. రీటైమింగ్ చేసేది అదే. ఆ పైన ఎ0·బి0 ⊕ ఎ0·బి1 పక్కపక్కన కనబడేసరికి ఇంకో తెలివి: ఉమ్మడిగా ఉన్న ఎ0 బయటికి తీసి ఎ0·(బి0 ⊕ బి1) చేసింది. గేటు కూడా మిగిలింది. బి0 ⊕ బి1 అంటే బి. టూల్ తప్పేమీ చేయలేదు, బీజగణితం ప్రకారం అంతా ఒకటే. దానికి షేర్లంటే ఏమిటో తెలియదంతే.

అందుకని సింథసిస్ అయ్యాక వచ్చే నెట్‌లిస్ట్‌నే వెరిఫై చేయండి. వీలైతే లేఅవుట్ తర్వాతది. సింథసిస్‌లో మాస్క్ చేసిన మాడ్యూళ్లకి కీప్-హైరార్కీ (మాడ్యూళ్లని కలిపేయొద్దన్న గుర్తు) పెట్టండి, వాటి మీద రీటైమింగ్ ఆపేయండి, ముఖ్యమైన వైర్లకి కీప్ పెట్టండి. అలా పెట్టాం కదా అని నెట్‌లిస్ట్ చూడటం మానకండి. కొన్ని టూళ్లు ఈ గుర్తుల్ని ఒక వార్నింగ్ ఇచ్చి పక్కన పెట్టేస్తాయి, ఆ వార్నింగ్ నాలుగు వేల లైన్ల లాగ్‌లో ఎక్కడో ఉంటుంది. ఇంట్లో నేర్చుకునేవాళ్లు యోసిస్ అనే ఉచిత సింథసిస్ టూల్ వాడండి, ఏ దశ ఏం చేసిందో మధ్యమధ్యలో నెట్‌లిస్ట్ రాయించి చూసుకోవచ్చు.

7. పెద్ద డిజైన్, చాలా సైకిళ్లు

మొత్తం సైఫర్‌ని సిల్వర్ మోయలేదు. రెండు దారులున్నాయి.

ఒకటి, ముక్కలు చేసి కలపడం. ప్రతి గాడ్జెట్ (డామ్ యాండ్ లాంటి మాస్క్ చేసిన చిన్న ముక్క) పినీ (PINI) అనే గుణాన్ని తృప్తిపరిస్తే, వాటిని ఎలా కలిపినా మొత్తం సురక్షితమన్న సిద్ధాంతం ఉంది. ఈ గుణం సాధారణ డామ్ గేటుకి లేదు, ఆస్కాన్ ఉచ్చు దానికి సాక్ష్యం. హెచ్‌పీసీ (హార్డ్‌వేర్ ప్రైవేట్ సర్క్యూట్స్) గాడ్జెట్లు దీనికోసమే పుట్టాయి. రాండమ్ గానీ సైకిళ్లు గానీ కొంచెం ఎక్కువ తింటాయి. ఏరియా గురించి తల బాదుకునే పరిస్థితి లేకపోతే నేను ఈ దారే పడతాను.

రెండోది, కోకో-అల్మా లాంటి టూల్. యోసిస్‌తో నెట్‌లిస్ట్ చేసుకుని, వెరిలేటర్ అనే సిమ్యులేటర్‌తో ఒక రన్ ట్రేస్ తీసి, సైకిల్ తర్వాత సైకిల్‌గా ఏ గేటు ఏ షేర్ల మీద ఆధారపడవచ్చో శాట్ సాల్వర్‌తో తేలుస్తుంది. గూగుల్ ముందుండి నడిపిన ఓపెన్‌టైటన్ అనే ఓపెన్ సోర్స్ చిప్ ప్రాజెక్టులోని మాస్క్ చేసిన ఏఈఎస్ భాగాల మీద దీన్ని వాడారు. ఫెయిల్ అయితే ఏ గేటు, ఏ సైకిల్ అని చెబుతుంది, అదే దీని గొప్ప. రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఇది జాగ్రత్త పక్షాన అంచనా వేస్తుంది కాబట్టి లేని లీక్ కూడా చూపించవచ్చు, అలాంటి ముక్కని కోసి సిల్వర్‌కి ఇస్తే నిజం తేలుతుంది. కంట్రోల్ సిగ్నళ్లు మీరిచ్చిన ట్రేస్ ప్రకారమే కాబట్టి, డిక్రిప్షన్ దారిని ట్రేస్‌లో నడపకపోతే దాన్ని చూడనట్టే.

సైకిళ్ల మధ్య జరిగే లీక్ కూడా దీనితోనే దొరుకుతుంది. ఒక రిజిస్టర్‌లో బి0 ఉంది, తర్వాతి సైకిల్‌లో అదే రిజిస్టర్‌లోకి బి1 వచ్చింది. విడిగా రెండూ రాండమే. కానీ రిజిస్టర్ మారిందా లేదా అన్నది బి0 ⊕ బి1, అంటే బి. కరెంటు లాగేది మారినప్పుడే కదా. రిజిస్టర్లు పొదుపుగా వాడిన డిజైన్లలో దీన్ని పదేపదే చూశాను. మధ్యలో సున్నాతో తుడవండి, లేదా షేర్లకి వేరువేరు రిజిస్టర్లు ఇవ్వండి.

8. బోర్డు మీద కొలత మానకండి

మోడల్‌లో లేనివి కొన్నుంటాయి. పక్కపక్కన పోయే వైర్లు ఒకదాన్నొకటి లాగడం, రెండు షేర్ల కరెంటు ఒకే సప్లైలో కలవడం, రాండమ్ జెనరేటర్ అంత రాండమ్ కాకపోవడం. ఇవి కొలిస్తేనే తెలుస్తాయి. మామూలుగా చేసేది స్థిర ఇన్‌పుట్, రాండమ్ ఇన్‌పుట్ కొలతల మధ్య టీ-టెస్ట్ అనే గణాంక పరీక్ష. విలువ 4.5 దాటితే లీక్ ఉన్నట్టు అనుమానం.

ఇక్కడ కూడా నాలుగో మెట్టులో చెప్పిన షరతే. ముందు రాండమ్ జెనరేటర్ ఆపేసి, జెడ్‌లూ మాస్క్‌లూ అన్నీ సున్నా పెట్టి కొలవండి. గీత 4.5ని దాటి ఆకాశానికి వెళ్లాలి. వెళ్లకపోతే మీ ప్రోబ్ సరిగా లేదు, ట్రిగ్గర్ సరిగా లేదు, ఏదో ఒకటి, ఆ సెటప్‌తో వచ్చే "లీక్ లేదు"ని ఎవరికీ చూపించకండి. వెళ్లాకే జెనరేటర్ ఆన్ చేసి అసలు కొలత మొదలుపెట్టండి.

ఫలితంతో పాటు ఏ నెట్‌లిస్ట్, ఏ టూల్ వెర్షన్, ఏ మోడల్, ఎన్ని షేర్లు, ఏ ట్రేస్ అన్నవి ఒకే ఫైల్‌లో రాసి పెట్టండి. సింథసిస్ స్క్రిప్ట్‌లో ఒక్క లైను మారినా పాత పాస్ చెల్లదు. మా దగ్గర ఇది రోజూ రాత్రి దానంతట అదే నడుస్తుంది, నెట్‌లిస్ట్ మారితే పొద్దున్నకి కొత్త ఫలితం ఉంటుంది. రీటైమింగ్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆ స్క్రిప్ట్ మొదలే కాదు. ఆ రెండు వారాల తర్వాత నేను చేసిన మొదటి పని అది.